తడి చెత్త, పొడి చెత్త, కింది గది

ఫిబ్రవరి 3

చెల్లీ,

ఇకమీదట మనకి ఉత్తరాలే గతి. గంట నాకు వినబడదని పాత స్నేహితుడొకాయన మా ఫోనుకి ఎర్రదీపం బిగించిపెట్టాడు. దీపం వెలుగుతుంది, ఎత్తుతాను, నువ్వేదో చెబుతావు, నేను ఊఁ కొడతాను. పెట్టేశాక నువ్వు నవ్వావో ఏడ్చావో కూడా నాకు తెలియదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరి మాటలూ కలిపి కలిపి పాడైన చెవులివి. మీ బావ ఉన్నన్నాళ్ళూ ఆయన విని, నా ఎదురుగా నిలబడి పెదాలు కదుపుతూ మళ్ళీ చెప్పేవారు. ఇప్పుడా ముచ్చటా లేదు.

అసలు సంగతికొస్తాను. మా వాచ్‌మన్ ఉద్యోగం మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. అతనున్న కింది గది ఖాళీ అయింది. రెండు కిటికీలు, వెనక బాత్‌రూము, ముందు మరిదిగారు ఫ్రేములు పేర్చుకునేంత వసారా. నా ఫ్లాటుకే రమ్మందునుగానీ నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. రెండు మెట్లెక్కితేనే గోడ పట్టుకుని నిలబడిపోతున్నారని రాశావుగా. కింది గదికి ఆ బాధ లేదు. ఆ చెత్తగుట్ట పొగలోంచి ఆయన్ని బయటికి తీసుకుపోకపోతే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు చెప్పాక ఇంకా ఆలోచనేమిటి? అసోసియేషన్ వాళ్ళని అడిగాను. మార్చి నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వమన్నారు.

ఇంకో వింత. మున్సిపాలిటీ వాళ్ళు మీటింగు పెట్టి ఇంటింటా చెత్త వేరు చెయ్యాలన్నారు. తడి ఒకటి, పొడి ఒకటి, మందులూ బ్లేళ్ళూ పగిలిన గాజూ ఒకటి. ఏమీ వినబడక నేను మర్యాదకి తల ఊపుతూ కూర్చున్నాను. చివర్లో అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. ఈ బాధ్యత ఎవరు తీసుకుంటారని అడిగినప్పుడు కూడా ఊపానట! ఒప్పుకోక తప్పలేదు. తీరా లారీ డ్రైవర్ని అడిగితే మా చెత్త వచ్చి పడేది మీ గుట్టమీదేనట. తడి పొడి కలిసి కుళ్ళితేనే లోపల అంటుకుని పొగ వస్తుందని ఆఫీసరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించాడు. మేం పారేసిందే మీ ఇంట్లో పొగవుతోందన్నమాట! ఇక చూసుకో, ఈ పని నేను వదలను.

మీ ఆయన్ని ఒప్పించి ఒక మాట రాయి.

నీ అక్క

ఫిబ్రవరి 11

అక్కా,

ఉత్తరం అందింది. గది సంగతి చదివి వినిపించాను. "మీ అక్క నన్ను వాచ్‌మన్ ఉద్యోగంలో పెట్టాలని చూస్తోంది. గేటు తియ్యడానికి నాకంటే దగ్గేవాడు దొరకలేదా?" అన్నారు. షాపు వదిలి రానంటున్నారు. ఇక్కడివాళ్ళందరి పెళ్ళిఫోటోలూ ఈయన కట్టినవేనట, ఎవరి గోడమీద ఏ ఫ్రేముందో కళ్ళు మూసుకుని చెబుతానంటారు. కానీ ఈమధ్య గాజు నేనే కోస్తున్నాను. గాజు కోసే కలం పలక మీద ఒక్క గీతలో లాగాలి, మధ్యలో దగ్గొచ్చిందా పలక అడ్డదిడ్డంగా విరుగుతుంది. వరసగా పలకలు విరిగేసరికి ఆయనే కలం నా చేతికిచ్చారు. ఆ రోజు మాత్రం హాస్యమాడలేదు.

తెల్లవారుజామున పొగ కిందికి దిగుతుంది. కిటికీలకి తడి దుప్పట్లు కడుతున్నాను. మధ్యాహ్నానికి అవి బూడిదరంగుకి తిరుగుతాయి, పిండి మళ్ళీ కడతాను.

నువ్వు ఇప్పుడే రాకు. సున్నం వేయిస్తున్నాం, ఇల్లంతా చిందరవందరగా ఉంది. గది మాత్రం ఎవరికీ పోనివ్వకు. ఆయన్ని నెమ్మదిగా దారికి తెస్తాను.

నీ చెల్లి

ఫిబ్రవరి 20

చెల్లీ,

తల ప్రాణం తోకకొచ్చింది. ఆకుపచ్చ డబ్బాలో తడి, నీలం డబ్బాలో పొడి, ఎర్రదాంట్లో ప్రమాదమైనవి అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మొదటివారం ఆకుపచ్చ డబ్బాలో ఏం దొరికాయనుకున్నావు? ఒక చెప్పు, బల్బు, సగం తిన్న మందుల సీసా. రబ్బరు చేతితొడుగులు వేసుకుని, కర్ర పట్టుకుని నేనే కెలికాను. మూడో అంతస్తు కొత్త జంట నన్ను చూసి ముక్కు మూసుకుని పరుగు. రెండో అంతస్తు నర్సు ఒక్కతే తు చ తప్పకుండా వేరు చేస్తుంది, పాపం ఆసుపత్రిలో అలవాటు. మా పక్క ఫ్లాటు లెక్కల మాస్టారితో మాత్రం నా వల్ల కావడం లేదు. వాడేసిన టీ పొడి పొడి డబ్బాలో వేస్తాడు. ఇదేమిటండీ అంటే, పేరులోనే పొడి ఉంది కదమ్మా అని వాదన. నాకు వినబడదని కాగితం మీద రాసి మరీ వాదించాడు.

చివరికి ఒళ్ళు మండి మళ్ళీ మీటింగు పెట్టించి, నిలబడి చెప్పేశాను. "మీరు పారేసేది మా చెల్లెలి ఇంటి వెనక తగలబడుతోంది. మా మరిది ఊపిరాడక గోడ పట్టుకుని నిలబడుతున్నాడు. మీకు తొక్క ఒకచోట, కాగితం ఒకచోట వెయ్యడానికి చెయ్యి రావడం లేదా?" అన్నాను. ఒక్కరూ నోరు మెదపలేదు. మెదిపినా నాకు వినబడదనుకో. మర్నాటి నుంచి చూడాలి! సీసాలు కడిగి పెడుతున్నారు. మాస్టారు పేపర్లు మడతపెట్టి పురికొసతో కట్టి ఇస్తున్నాడు. మెట్లమీద ఎదురైన ప్రతివాళ్ళూ "మీ మరిదిగారికెలా ఉంది?" అని పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తున్నారు.

పొగ ఏమైనా తగ్గిందా? నిజం చెప్పు. వాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

సున్నం అయిపోయి ఉంటుంది కదా. వచ్చేవారం రానా?

నీ అక్క

మార్చి 2

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆయన చాలాసేపు నవ్వారు, చాలాసేపు దగ్గారు. ఆ నర్సునీ మాస్టారినీ నిజంగా చూసినట్టే మాట్లాడుతున్నారు. "నా కోసం అంత పెద్దమనిషి టీ పొడి గురించి పట్టుదల వదులుకున్నాడా?" అని అడిగారు.

పొగ కాస్త తగ్గినట్టే ఉంది. ఈ నాలుగు రోజులూ తెల్లవారుజామున గాలి బాగానే ఉంది. మీవాళ్ళకి మా ఇద్దరి తరఫునా చెప్పు.

ఇప్పుడు రావొద్దు. షాపులో పని ఎక్కువగా ఉంది, నీతో కూర్చునే తీరిక ఉండదు.

నీ చెల్లి

మార్చి 9

చెల్లీ,

నీ ఉత్తరం నిలబడి మీటింగులో చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు, నాకు చేతులు కనబడ్డాయి. నర్సు కళ్ళు తుడుచుకుంది. మాస్టారు అయితే లేచి నిలబడి ఏదో ఉపన్యాసం కూడా ఇచ్చాడు. నువ్వు రాసిన ఆ రెండు ముక్కలకీ ఈ బ్లాకు బ్లాకంతా పొంగిపోయింది. మీ బావ పోయాక ఇంతమందిలో నవ్వుతూ నిలబడటం నాకిదే మొదటిసారి.

ఇప్పుడో చిక్కు వచ్చింది. డబ్బాలూ సంచులూ మెట్లకింద పెడుతున్నాం. వాసన, ఈగలు. వచ్చేపోయేవాళ్ళకి దారి లేదు. కింది గది అందుకు ఇస్తే బావుంటుందని అసోసియేషన్ ప్రెసిడెంటు అన్నాడు. మా చెల్లెలికోసం ఉంచారు కదా అన్నాను. పొగ తగ్గిందని మీరే చదివారు కదా అన్నాడు. నా మాట నాకే అడ్డొచ్చింది.

మీకు గది కావాలా, వద్దా? మొహమాటపడకుండా ఒక్కమాట రాయి. కావాలంటే నేను ఒంటికాలిమీద నిలబడి పోట్లాడతాను. కానీ చెల్లీ, ఎప్పుడొస్తానన్నా ఏదో ఒక వంక చెబుతున్నావు. నామీద ఏమైనా కోపమా? ఉంటే అది కూడా రాయి.

నీ అక్క

మార్చి 16

అక్కా,

నా ఉత్తరం సభలో చదివావా? ఇంటి గుట్టు నలుగురిలో పెట్టడం నీకు మొదటినుంచీ అలవాటే. ఆయన దగ్గూ మా దుప్పట్లూ మీ మెట్లమీద మాట్లాడుకునే సంగతులయ్యాయి. నేను నీకు రాశాను, మీ ప్రెసిడెంటుకి కాదు.

గది వాళ్ళకే ఇచ్చెయ్యి. మాకు అవసరం లేదు. ఆయన షాపు వదలరు, నేను ఆయన్ని వదలను.

కోపమేమీ లేదు.

నీ చెల్లి

ఏప్రిల్ 4

చెల్లీ,

కోపం లేదని రాసిన ఉత్తరం నిండా కోపమే కనబడింది. సరే, చదివింది నాదే తప్పు. ఇక నీ ఉత్తరాలు నా దిండుకిందే ఉంటాయి.

గది ఇచ్చేశాను. మున్సిపాలిటీ ఆఫీసరు వచ్చి రిబ్బను కత్తిరించాడు. గోడకి బల్లలు కొట్టించారు, ఒకవైపు సీసాలు, ఒకవైపు అట్టలు, మూలన ఎర్రడబ్బా. ఆదర్శ బ్లాకు అని గేటుకి బోర్డు తగిలించారు. ఫోటోలో నేను మధ్యలో నిలబడ్డాను, చేతిలో చీపురు. అందరూ సంబరపడుతుంటే నేను ఆ రెండు కిటికీల్నీ చూస్తూ ఉండిపోయాను. ఇక్కడ నీ మంచం, ఇక్కడ పొయ్యి అని ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాను. నువ్వు నా దగ్గరికి రావడం ఇష్టంలేక వద్దన్నావని నాకు అర్థమైంది. మంచిది.

మాస్టారు మళ్ళీ మొదలుపెట్టాడు. లారీలో మూడు అరలున్నాయి సరే, అక్కడికి వెళ్ళాక ఎన్ని కుప్పలున్నాయి, మీరు చూశారా అని రాసి చూపించాడు. చూడలేదు. ఆయన నోరు మూయించడానికైనా ఒకరోజు డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళి చూసొస్తాను.

మరిదిగారికి ఎలా ఉందో ఒక్క ముక్క రాయి. నామీద అలిగినా అది రాయొచ్చు.

నీ అక్క

ఏప్రిల్ 10

అక్కా,

లారీ ఎక్కి రాకు. చెత్త యార్డులో కుక్కలున్నాయి, కాలు జారితే ఎత్తేవాళ్ళుండరు, వెనక బండి హారను కొట్టినా నీకు వినబడదు. ఈ వయసులో ఇదేం పని? ఆయన బాగానే ఉన్నారు. నామాట విను.

నీ చెల్లి

ఏప్రిల్ 13

చెల్లీ,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. నేను నిన్ననే వెళ్ళొచ్చాను.

లారీ ఎత్తు. డ్రైవరూ క్లీనరూ చెరో చెయ్యీ పట్టి లాగారు. దారి పొడవునా వెనక్కి తిరిగి అద్దంలోంచి మా సంచులు చూసుకుంటూ కూర్చున్నాను, పిల్లల్ని బడికి తీసుకెళుతున్నట్టు. యార్డు గేటు దాటగానే పెద్ద రేకుల షెడ్డు ఉంది. ఇదేనా వేరుచేసే చోటు అని అడిగాను. డ్రైవరు నావైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు, పెదాలు చదివాను. "షెడ్డు మూసేశారమ్మా. కాంట్రాక్టరు వెళ్ళిపోయాడు. ఎక్కడ పొయ్యమంటే అక్కడ పోస్తాను. నేనేం చెయ్యను?" తాళానికి తుప్పు పట్టింది. ఇప్పటిది కాదు ఆ తుప్పు.

తర్వాత లారీ వెనక్కి వెళ్ళి తొట్టె పైకి లేచింది. మూడు అరల తలుపులూ ఒక్కసారే తెరుచుకున్నాయి. మాస్టారు మడతపెట్టి కట్టిన పేపర్లు, నర్సు కడిగిన సీసాలు, వాటిమీద ఎవరిదో వారం నాటి కూర తొక్కలు, వాటిమీద ఎర్రసంచీ. అన్నీ ఒకదానిమీద ఒకటి. బుల్డోజరు వచ్చి తొక్కింది. దాని చక్రాల పక్కనుంచే, భూమిలోంచి వచ్చినట్టు, పొగ లేస్తోంది. ముఖానికి గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు ఆ పొగలో మా సీసాలు ఏరుతున్నారు.

గోడ అవతల మీ వీధి అని డ్రైవరు చూపించాడు. నడిచి వచ్చాను. కిటికీలకి దుప్పట్లున్నాయి, తడిగా ఉన్నాయి, నల్లగా ఉన్నాయి. ఒక దుప్పటి అంచు జారి సందు ఉంది. అందులోంచి చూశాను. మరిదిగారు కుర్చీలో ముందుకు వంగి బల్ల అంచు పట్టుకున్నారు. భుజాలు లేచి పడుతున్నాయి. నువ్వు వెనక నిలబడి వీపు రాస్తున్నావు. నాకా దగ్గు వినబడలేదు చెల్లీ. కనబడింది.

నేను తలుపు తట్టలేదు. మీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను. నా ఒంటినిండా గుట్ట కంపు. అంతకంటే, నువ్వు తలుపు తీసి "బాగానే ఉన్నారు" అంటావని భయం వేసింది. రాసిన అబద్ధం చదవగలిగానుగానీ మొహమ్మీద చూడలేననిపించింది.

పొగ తగ్గిందని ఎందుకు రాశావు? నేను ఆ గది నా చేతులతో ఇచ్చేశాను. రిబ్బను పట్టుకుని నవ్వుతూ ఫోటో దిగాను. నా నోట్లో ఇంత మన్ను కొట్టావేమే?

నీ అక్క

ఏప్రిల్ 19

అక్కా,

గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయావా? తలుపు తట్టి ఉంటే నేను అబద్ధం చెప్పేదాన్ని కాదు. నీ మెడ పట్టుకుని ఏడ్చేదాన్ని. నాకు అంతకంటే ఏం కావాలి ఈ లోకంలో?

గది గురించి నీ మొదటి ఉత్తరం వచ్చేనాటికే నాకు తెలుసు. ఆ లారీలు మా గుమ్మం ముందునుంచే కదా వెళ్ళేది. షెడ్డు మూశాక వేరు చెయ్యడం ఎవరికీ పట్టలేదు. పొగ తగ్గిందా అని నువ్వు అడిగినప్పుడు నిజం రాద్దామనే కలం తీశాను. అప్పుడు ఆయన అన్నారు, "రాయకు. ఆ బ్లాకులో అంతమంది నా కోసం తొక్కలు ఏరుకుంటున్నారు. నాకెవరున్నారు అంత చేసేవాళ్ళు? పొగ తగ్గిందని రాయి. వాళ్ళు మానేస్తే మీ అక్క మళ్ళీ ఫ్లాటు తలుపేసుకుని కూర్చుంటుంది" అని. నాకూ అదే అనిపించింది. బావ పోయిన తర్వాత నువ్వు రాసిన ఉత్తరాల్లో నవ్వు వచ్చింది ఆ చెత్తడబ్బాల గురించి రాసినప్పుడే. గది ఎటూ మనదేగా, ఈయన్ని ఒప్పించి వస్తాంగా, అనుకున్నాను. నా ఉత్తరం విని మీవాళ్ళు గది అడుగుతారని కలలో కూడా అనుకోలేదు. అప్పుడు నిజం చెబితే నువ్వు నలుగురిలో అబద్ధం చదివినదానివవుతావు. అందుకని కోపం తెచ్చుకుని రాశాను. నాకు కోపం వస్తే తెలివి పనిచెయ్యదని నీకు తెలుసు.

నిన్ను రావద్దన్నది కూడా అందుకే. సున్నమూ లేదు, పనీ లేదు. షాపు మూసి చాలా రోజులైంది.

ఇక సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఆయన ఒప్పుకున్నారు. నేను ఒప్పించలేదు, నిన్న తనంతట తనే "మీ అక్క గది ఇంకా ఉందా?" అన్నారు. మాట పూర్తి చెయ్యడానికి మధ్యలో రెండుసార్లు ఆగారు. పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతున్నారు. ఈ పొగలోంచి బయటపడితే ఇంకా నిలబడతారని డాక్టరు అంటున్నాడు, త్వరగా అన్నాడు.

గది ఇప్పించు అక్కా.

నీ చెల్లి

ఏప్రిల్ 27

చెల్లీ,

ఇప్పిస్తాను. ముందు ఆ మాట చదువుకో, తర్వాత మిగతాది.

మీటింగు పెట్టించి చూసింది చూసినట్టు చెప్పాను. నువ్వు అబద్ధం రాశావని చెప్పలేదు, నేనే సరిగ్గా చదవలేదన్నాను. సగంమంది మొహాలు మాడిపోయాయి. కొత్త జంట ఆ సాయంత్రమే అన్నీ ఒకే సంచీలో కట్టి గేటుదగ్గర పెట్టారు. ఎటూ అక్కడ కలిపేస్తుంటే ఇక్కడ మాకెందుకీ తిప్పలు అని. వాళ్ళని ఏమనగలను? నేను కూడా రెండు రోజులు కర్ర పట్టుకోలేదు.

కానీ నర్సు డ్రమ్ములు తెచ్చింది. అడుగున చిల్లులు పొడిచి, తడి చెత్తమీద ఎండుటాకులు పొరలు పొరలుగా వేస్తే ఇక్కడే ఎరువైపోతుందట. పొడిది పాత పేపర్లు కొనేవాడు తీసుకుపోతున్నాడు. ఈ వారం మా లారీ అరలో ఎర్రసంచీ ఒక్కటే ఉంది. మీ గుట్టకి ఒక్క తొక్క కూడా వెళ్ళలేదు చెల్లీ, ఇది నా కళ్ళతో చూసిన సంగతి.

ఆ డ్రమ్ములున్నది కింది గదిలో. గది ఖాళీ చెయ్యమన్నాననుకో, ఇదంతా మళ్ళీ మీ ఇంటి వెనక్కే వస్తుంది. ప్రెసిడెంటు అదే అన్నాడు. ఒక్కరికోసం ఇంతమంది పని ఆపమంటారా అని. ఆయన మాటలో అన్యాయం లేదు, అదే నా బాధ. గొంతు చించుకుని ఈ పని చేయించింది నేను. ఇప్పుడు అది వద్దని చెప్పాల్సింది నేను. నేను చెప్పాను. మీ అందరి చేతా చేయించింది ఆ ఒక్కడికోసమే, వాడి ఊపిరి పోయాక నాకు మీ ఆదర్శం ఎందుకన్నాను. చాలా పెద్దగా అన్నాననుకుంటాను, కిటికీల్లోంచి జనం తొంగి చూశారు.

డ్రమ్ములకి వేరే చోటు చూపించి గది తీసుకోండి అన్నారు. చోటు వెతుకుతున్నాను. కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నాను. ఒక్క వారం ఓపిక పట్టమను. ఆయన్ని తిట్టి అయినా పట్టించు.

నీ అక్క

మే 5

అక్కా,

ఆయన పోయారు. తెల్లారుతుండగా, కుర్చీలోనే. గాలి ఇటువైపే కొట్టింది. దుప్పట్లు తడిపి వచ్చేలోపల తల బల్లమీద ఆనించి ఉన్నారు. దగ్గు ఆగింది, కాస్త కునుకు పట్టిందేమో అనుకుని కదిలించలేదు.

పొద్దున్న నీకు ఫోను చేశాను. చెప్పవలసింది చెప్పాను. నువ్వు వినకుండానే గది దొరికిందనీ, సున్నం ఆరిందనీ, శుక్రవారం రమ్మనీ చెప్పుకుపోయావు. నీ గొంతు ఎంత సంతోషంగా ఉందో నీకు తెలియదు. నేను ఇంకోసారి చెప్పాను. నువ్వు "సరే సరే, జాగ్రత్త" అని పెట్టేశావు. ఇంకెవరికో ఫోను చేసి చెప్పించొచ్చు. కానీ ఇది నువ్వు మరొకరి చేతి కాగితమ్మీద చదవడం నాకు ఇష్టంలేకపోయింది. పక్కింటి ఆటో అతనితో ఈ ఉత్తరం పంపుతున్నాను. అతనితోనే వచ్చెయ్యి. నువ్వొచ్చేదాకా ఆగుతాం.

నువ్వు చెప్పిన వారం అయిందిగా అని నిన్న బట్టలు తనే సర్దుకున్నారు. గాజు కోసే కలం గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకుని, అక్కడ మెట్లు లేవుగా అని మళ్ళీ అడిగారు. లేవన్నాను.

నీమీద కోపం లేదు. ఇది నిజం. తలుపు తీసే ఉంది, ఈసారి లోపలికి రా.

నీ చెల్లి

మే 5

చెల్లీ,

మన లారీ డ్రైవరు ఇప్పుడే మీవైపు బయలుదేరుతున్నాడు. పోస్టులో అయితే మీరొచ్చాక అందుతుందని అతని చేతికే ఇస్తున్నాను. పొద్దున్న ఫోను చేసింది నువ్వేనని నా నమ్మకం. ఏమన్నావో ఒక్క ముక్క వినబడలేదు, అయినా ఆగలేక అంతా చెప్పేశాను. ఇంకెవరైనా అయి ఉంటే నన్ను పిచ్చిదాన్ననుకుని ఉంటారు.

గది మనదైంది. చోటు ఎవరిచ్చారో చెబితే నమ్మవు. మాస్టారు! తన కారు షెడ్డు ఖాళీ చేసి డ్రమ్ములకి ఇచ్చాడు. కారు ఎండలో పెట్టుకున్నాడు. ఏమైనా అందామని వెళితే, మీ మరిదిగారు వస్తే నాకో ఫ్రేము కట్టించుకోవాలి అని రాసి ఇచ్చి వెళ్ళిపోయాడు. పని ఆగలేదు, గదీ వచ్చింది. ఈ రెండూ కలిసొస్తాయని నేను అనుకోలేదు.

నిన్నంతా అందరం కలిసి కడిగాం. కొత్త జంట కూడా వచ్చారు, ముక్కు మూసుకునే అనుకో. ఫినాయిలు పోసి రుద్ది, సున్నం వేయించాను. వాసన పోయిందా లేదా అని నర్సుని మంచమ్మీద పడుకోబెట్టి మరీ అడిగాను. పోయిందంది. కిటికీలు రెండూ తెరిచి పెట్టాను. ఇక్కడ తడి దుప్పట్లు కట్టే పని లేదు, అవి అక్కడే పారేసి రా. కూర్చుని నిద్రపోతున్నారన్నావని తలవైపు ఎత్తుగా నాలుగు దిళ్ళు పేర్చాను. మంచం దగ్గరనుంచి వసారాదాకా ఒక్క గడప కూడా అడ్డు లేదు. నేనే కళ్ళు మూసుకుని నడిచి చూశాను.

శుక్రవారం గేటు దగ్గరే ఉంటాను. ఆటో అతనికి గుంతలు చూసి నడపమని చెప్పు. మధ్యలో ఆయాసం వస్తే ఎక్కడైనా నీడలో ఆగండి, ఎంతసేపైనా ఫరవాలేదు. గది ఎక్కడికీ పోదు. మరిదిగారిని మెల్లగా రమ్మను, ఇంక తొందరేమీ లేదు.

నీ అక్క